మునగాకు టీచరమ్మ

సోమ, బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకి నేను అంగన్‌వాడీ సెంటర్ తాళం ఆయాకి ఇచ్చేసి రోడ్డు మీదికి వస్తాను. అప్పటికే మా ఆయన ఆటోలో కూర్చుని ఉంటాడు. పలాస ఆస్పత్రిలో రెండు గంటలకి ఆయన డయాలసిస్ స్లాటు. నాలుగు గంటలు మిషన్ మీద ఉంటాడు. ఆ నాలుగు గంటలూ నేను బయట బెంచీ మీద కూర్చుని రిజిస్టర్లు రాసుకుంటాను. ఒక్క స్లాటు తప్పినా మర్నాటికి ఆయనకి ఊపిరి అందదు. అందుకని మేం ఎక్కడికీ వెళ్లం. కోటబొమ్మాళి పక్కన మా పుట్టింట్లో పెళ్లయినా, టెక్కలిలో చుట్టాలింట్లో చావైనా, మిషన్ లేని రోజు చూసుకుని పొద్దున్న వెళ్లి సాయంత్రానికి వచ్చేయాలి. నాలుగేళ్లుగా ఇదే.

మా ఊరు సుమ్మాదేవి స్టేషన్ నుంచి సముద్రం వైపు వెళ్తే కొబ్బరితోటల మధ్య వస్తుంది. పెళ్లయి వచ్చిన మూడో ఏట నాకు ఇక్కడి అంగన్‌వాడీలో టీచర్ ఉద్యోగం వచ్చింది. అప్పటినుంచి ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డ బరువూ చూసిందాన్ని నేనే. ఎవరి కోడలు నెల తప్పిందో వాళ్ల అత్త తర్వాత ముందుగా తెలిసేది నాకే. ఊళ్లో నన్ను ఎదురుగా టీచరమ్మ అంటారు. నేను లేనప్పుడు మునగాకు టీచరమ్మ అంటారు. ఆ పేరు నాకు చాలాకాలం ఇష్టంగానే ఉండేది.

ఆ పేరు ఒక అమ్మాయి వల్ల వచ్చింది. పందొమ్మిదేళ్లు, మొదటి కాన్పు. కింది రెప్ప లాగి చూస్తే లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది. పది అడుగులు వేస్తే ఆయాసం. ఐరన్ మాత్రలు వికారమని గోడవతలకి విసిరేసేది. రోజూ మధ్యాహ్నం సెంటర్‌కి రప్పించి, అన్నం తినిపించి, నా ఎదురుగా మాత్ర మింగించేదాన్ని. ఆ అన్నంలోకి మా పెరట్లోని మునగాకు వండేదాన్ని. ఒకరోజు పప్పులో, ఒకరోజు తెలగపిండితో, ఒకరోజు కోడిగుడ్డు పొరటులో. పైన నిమ్మకాయ పిండేదాన్ని. ఏడో నెలకి ఆ పిల్ల సెంటర్ మెట్లు ఎక్కి వచ్చి, ఆయాసం లేకుండా నాతో పోట్లాడింది, గుడ్డు చిన్నది ఇచ్చానని. బిడ్డ మంచి బరువుతో పుట్టింది. మాత్రలు పనిచేశాయా, ఆకు పనిచేసిందా అంటే రెండూ పనిచేశాయి. ఊరు మాత్రం ఆకే బతికించిందంది. నేనూ కాదనలేదు.

మునగ గురించి నాకు తెలిసిందంతా మా అత్త నేర్పిందే. ఆమె పెరట్లో ఆ చెట్టు మందులషాపులా ఉండేది. కాలు బెణికితే ఆకు వేడిచేసి ఉప్పుతో కట్టేది. తల నొప్పి పుడితే ఆకు నూరి కణతలకి రాసేది. బాలింతకి పాలు పడాలంటే తెలగపిండి మునగాకు. పిల్లల కడుపులో పురుగులకి పువ్వు వేయించి పెట్టేది. వానాకాలంలో నుయ్యి బురదైతే ఎండిన కాయల్లోంచి గింజలు తీసి, దంచి, బిందెలో కలిపి కదపకుండా ఉంచేది. కాసేపటికి మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటపడేవి. అయినా ఆ నీళ్లు కాచి తాగాలనేదాన్ని నేను. ఆమె నవ్వేది. ముదురు మునక్కాడలు పచ్చి జీడిపప్పుతో వండితే మా ఆయన ఆరోజు తోటకి ఆలస్యంగా వెళ్లేవాడు.

పెద్ద తుపానుకి మా తోటలో కొబ్బరిచెట్లు సగానికి పైగా పడిపోయాయి. జీడిమామిడి వేళ్లతో సహా లేచిపోయింది. కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ వారమే నేను మా మునగచెట్టు కొమ్మలు నరికి, మోచేతి పొడవు ముక్కలు చేసి, ఇంటింటికీ ఇచ్చాను. మునగ కొమ్మ గుచ్చితే చాలు, చిగురేస్తుంది. ఏడాది తిరిగేసరికి ప్రతి పెరట్లోనూ మునగచెట్టు. అడివిలాంటి మా ఊరు బోడిగా మారిపోయిన రోజుల్లో కళ్లకి కనిపించిన పచ్చదనం అదే. గర్భిణులకి చెప్పడం ఒక్కటే కాదు, నేను పొడి చేయడం కూడా మొదలుపెట్టాను. ఆకు కడిగి, నీడలో ఆరబెట్టి, మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో జల్లించి, అడిగినవాళ్లకి పొట్లాలు కట్టి ఇచ్చేదాన్ని. చెయ్యి ఆకుపచ్చగా ఉండిపోయేది.

మొదటి చెంచా మా ఆయనకే. రోజూ పొద్దున్న వేడన్నంలో ఒక చెంచా పొడి, నాలుగు చుక్కల నెయ్యి. ఆయన తోటలో పడిన చెట్లు తీసేసి కొత్త మొక్కలు పెట్టే పనిలో ఉండేవాడు. నడుం నొప్పి అనేవాడు. ఎవరో ఇచ్చిన నొప్పి మాత్రలు వేసుకునేవాడు. ఊరికి రక్తపరీక్షల వాళ్లు వచ్చినప్పుడల్లా పేరు రాయించుకోమని నేను పోరేదాన్ని. మా ఉద్దానం ప్రాంతంలో ఏ ఊళ్లో చూసినా కిడ్నీ రోగులే. మా వీధిలోనే ఇద్దరు పోయారు.

"నాకేటైనాదే. నడుం నొప్పి, అంతే. పరీచ్చలకెల్తే లేని రోగం అంటగడతారు" అనేవాడు.

ఒకసారి మాత్రం వెళ్లొచ్చానన్నాడు. ఏమన్నారంటే "ఏటీ లేదు" అన్నాడు. నాకు మనసు కుదుటపడింది. తర్వాత కొన్నాళ్లకి ఆయన తొందరగా అలిసిపోతున్నాడని కనిపెట్టాను. అన్నం సయించడం లేదు. రక్తం తగ్గిందనుకున్నాను. నాకు తెలిసిన మందు ఒకటే. ఒక చెంచా పొడిని రెండు చెంచాలు చేశాను. సాయంత్రం తోటలోంచి ఒక కొబ్బరిబొండం దించుకుని తాగేవాడు, నీరసం తగ్గుతుందని. అదీ మంచిదేనన్నాను.

ఒకరోజు పొద్దున్న తోటకి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. పదిగంటలకి పక్కతోట రైతు సెంటర్‌కి పరుగున వచ్చాడు.

"టీచరమ్మా, మీ ఆయన కూకున్నోడు లెగలేకపోతన్నాడు."

వెళ్లి చూస్తే చెట్టు మొదలుకి ఆనుకుని ఉన్నాడు. మాట ఉంది, తెలివి ఉంది. కాళ్లు మాత్రం ఆయనవి కానట్టు పడి ఉన్నాయి. "ఒలే, కాల్లు రాలేదే" అన్నాడు మెల్లిగా, ఏదో తప్పు చేసినట్టు. నలుగురం ఎత్తి ఆటోలో వేసి పలాస తీసుకుపోయాం.

ఆస్పత్రిలో గుండె గీతలు తీసిన కాగితం చూడగానే అక్కడివాళ్ల నడక మారిపోయింది. ఇంజక్షన్లు ఇచ్చారు. మెడ దగ్గర గొట్టం వేసి అప్పటికప్పుడు మిషన్‌కి కలిపారు. డాక్టరు నాకంటే చిన్నవాడు. నన్ను పక్కకి పిలిచి అడిగాడు.

"రోజూ ఏం తింటారమ్మా ఈయన?"

నేను గర్వంగానే చెప్పాను. ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేను. "బయట తిండి తినరండి. రోజూ మునగాకు పొడి రెండు చెంచాలు పెడతాను. సాయంత్రం కొబ్బరినీళ్లు."

రాస్తున్న చెయ్యి ఆగింది. ఆయన కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని నిదానంగా చెప్పాడు. కిడ్నీలు రెండూ చాలావరకు పోయాయి, ఇది ఈ ఏడాదిలో వచ్చింది కాదు. పాడైన కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే ముందు కాళ్లు పడిపోతాయి, తర్వాత గుండె ఆగుతుంది. మునగాకులో అది ఎక్కువ. ఆకు ఎండితే అందులో ఉన్నదంతా చెంచాలోకి దిగుతుంది. కొబ్బరినీళ్లూ అంతే.

"అంటే నా పొడి వల్లేనా డాక్టరుగారూ?"

"కిడ్నీలు పోయింది దానివల్ల కాదమ్మా. ఈరోజు ఇలా రావడంలో దాని పాత్ర ఉంది. మంచి కిడ్నీలున్నవాళ్లకి అదే ఆకు బలం. మీరు తెలిసి చేయలేదు కదా."

కాదు అన్న మాట పట్టుకుని లేవబోతే ఉంది అన్న మాట నన్ను కూర్చోబెట్టేది. ఆ రెండు మాటల మధ్యే నేను చాలాకాలం ఉండిపోయాను.

పన్నెండు రోజుల తర్వాత ఇంటికి తెచ్చుకున్నాం. ఏం తినకూడదో ఒక కాగితం ఇచ్చారు. ఆకుకూరలు, మునగాకు, కొబ్బరినీళ్లు, అరటిపండు, జీడిపప్పు. మా పెరడూ మా తోటా మొత్తం ఆ కాగితంలో ఉన్నాయి. తాగే నీళ్లకి కూడా కొలత. కూరగాయలు చిన్న ముక్కలు కోసి, నానబెట్టి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండాలి. అత్త పక్కన నిలబడి చూసేది.

"సారమంతా పారబోసి పిప్పి పెడతన్నావు ఆడికి" అంది ఒకరోజు. "ఒంట్లో రగతం తీసి కడుగుతన్నారు. మరి బలం ఎక్కడ్నించొత్తాది? నాలుగు రెబ్బలు మునగాకు ఉడికించి ఆ నీల్లయినా ఇయ్యవే."

"వద్దన్నారత్తా."

"ఎందుకొద్దన్నారు? ఇన్నాల్లూ తిన్నాడు కదేటి."

నేను గిన్నె వంచి నీళ్లు పారబోశాను. డాక్టరు చెప్పిందాంట్లో సగమే ఇంట్లో చెప్పాను. కిడ్నీలు పోయాయని చెప్పాను. పొడి మాట చెప్పలేదు. పొడి సీసా బియ్యం డబ్బా వెనక దాచి, తర్వాత ఎవరూ లేనప్పుడు మట్టిలో కలిపేశాను. మా ఆయన కూడా పొడి ఊసు ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదని నేను ఆలోచించలేదు. నా తప్పు ఆయనకి తెలియలేదనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

సెంటర్‌లో పరిస్థితి అంతకంటే ఇరుకు. తల్లుల సమావేశం పెట్టిన ప్రతిసారీ ఆకుకూరల గురించి చెప్పాలి. గోడమీద బొమ్మలో మునగ రెమ్మ ఉంది. దాన్ని చూపించి రక్తం పడుతుందని చెప్పాలి. అది అబద్ధం కాదు. ఎదురుగా కూర్చున్న గర్భిణులకి అది కావాలి. చెబుతూ ఉంటే నోరు ఎండిపోయేది. నేను పొట్లాలిచ్చిన ఇళ్లు ఒక్కొక్కటే కళ్లముందుకి వచ్చేవి. ఏ ఇంట్లో ఎవరు తింటున్నారో నాకు తెలుసు. అందులో మూడు ఇళ్లలో కిడ్నీ మందులు వాడేవాళ్లున్నారని కూడా తెలుసు. వెళ్లి చెప్పాలి. చెబితే మొగుడికి తనే పెట్టిందంటారు. గర్భిణులు కూడా మానేస్తారు. అత్తకి తెలుస్తుంది. చెప్పకపోతే ఎవరో ఒకరు తోటలో చెట్టుకి ఆనుకుని కూర్చుంటారు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ మూడు నెలలు గడిపేశాను.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక కోడలు ఉంది. రెండోసారి గర్భిణి. బరువు చూపించుకోవడానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ అంది.

"టీచరమ్మా, మా మావకి కిరియాటిన్ పెరిగిందన్నారు. నీరసంగా ఉంటన్నాడు. మీ పొడి ఇంకో పొట్లం ఇయ్యండి."

నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "అయిపోయిందమ్మా."

"పోన్లెండి. మా సెట్టుకే ఉంది కదా. నానే ఎండబెట్టి సేత్తాను."

ఆమె చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. నేను తూకం యంత్రం పక్కన అలాగే నిలబడ్డాను. ఆరోజు పిల్లలకి అన్నం నేను వడ్డించలేదు, ఆయానే వడ్డించింది. ఇంటికి వెళ్లే దారిలో ఆమె ఇల్లు దాటాలి. తలుపు తీసే ఉంది. పెరట్లో చాప మీద మునగాకు ఆరబోసి ఉంది. పిలవకుండా దాటిపోయాను. అలా దాటిపోగలిగిన నన్ను చూసి నాకే భయం వేసింది.

మర్నాడు పొద్దున్న సెంటర్ తెరవకముందే ఆ ఇంటికి వెళ్లాను. ముసలాయన అరుగు మీద పళ్లు తోముకుంటున్నాడు. కోడల్ని లోపలికి తీసుకెళ్లి అంతా చెప్పాను. మా ఆయనకి పెట్టింది, రెండో చెంచా వేసింది, కాళ్లు పడిపోయింది, డాక్టరు అన్నది. ఆకు మీ మావకి వద్దు, నువ్వు మాత్రం తిను అని చెప్పాను.

ఆమె పెరట్లో చాప మీది ఆకు వైపు చూసింది. తర్వాత అడిగింది.

"ఎప్పుడు సెప్పినాడు డాక్టరు?"

"మూణ్ణెల్లయింది."

"మూణ్ణెల్ల బట్టీ నువ్వెరుగుదువు. నిన్న అడిగితే అయిపోనాదన్నావు."

అప్పటివరకు మీరు అన్న మనిషి నువ్వు అంది. నేను తల దించుకున్నాను. మిగిలిన రెండిళ్లకి కూడా ఆ పొద్దునే వెళ్లాను. ఒక ఇంట్లో సరేనన్నారు. ఇంకో ఇంట్లో తలుపు దగ్గర నిలబెట్టే విన్నారు.

మధ్యాహ్నానికి ఊరంతా పాకిపోయింది. నేను చెప్పినట్టుగా పాకలేదు. టీచరమ్మ పొడి తిని మొగుడి కిడ్నీలు పోయాయని పాకింది. సాయంత్రం మూడు పెరట్లలో మునగచెట్లు కొట్టేశారు. మర్నాడు ఇద్దరు గర్భిణులు పప్పులో ఆకు ఏరి పళ్లెం పక్కన పెట్టారు. ఒకామె ఐరన్ మాత్ర కూడా వద్దంది. నాకు దాని గురించే ఎక్కువ దిగులు.

అత్త కుళాయి దగ్గర విన్నది. ఖాళీ బిందెతో తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

"నువ్వు కలిపిన పొడేనా?"

"అవునత్తా."

తిడుతుందనుకున్నాను. బిందె కింద పెట్టి, గోడకి చేరబడి కూర్చుంది. "నాను నేర్పితేనే కదా నువ్వు సేసినావు" అంది. తర్వాత నన్ను కాదు, నేలని అడిగినట్టు అడిగింది. "మునగాకొద్దు. బొండమొద్దు. పప్పు తగ్గించాల. అరిటిపండొద్దు. మరి నా కొడుక్కి నానేటి పెట్టాలే?"

నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. మా ఆయన పడగ్గదిలో ఉన్నాడు. మా మాటలన్నీ వినపడుతూనే ఉంటాయి. బయటికి రాలేదు.

వారం తర్వాత సూపర్‌వైజర్ మేడమ్ వచ్చింది. ఎవరో ఫోన్ చేసి చెప్పారట. ఉద్యోగం పోతుందనుకునే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. ఆమె అంతా విని, తల్లుల్నీ అత్తల్నీ పిలవమంది. ఆరోగ్య కేంద్రం నర్సమ్మని కూడా రప్పించింది. చాపలు నిండిపోయాయి. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. నర్సమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఎవరికి మంచిది, ఎవరికి కాదు. వెనక నుంచి ఒకామె లేచింది.

"ఇయ్యన్నీ మాకు తెల్దు. టీచరమ్మ పెట్టినాది, ఆయన పడిపోనాడు. అవునా, కాదా?"

నేను నోరు తెరవబోతుంటే గుమ్మంలో అలికిడైంది. మా ఆయన. ఇంటి నుంచి సెంటర్ వరకు ఒక్కడే నడిచి వచ్చాడు. ఆయాసపడుతున్నాడు. పిల్లల ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాగి దానిమీద కూర్చున్నాడు. మోకాళ్లు ఛాతీ దాకా వచ్చాయి. చొక్కా చెయ్యి పైకి మడిచి, మిషన్ కోసం ఆపరేషన్ చేసిన చోటు చూపించాడు.

"నా కిడ్నీలు ముందే పోనాయి" అన్నాడు. "పడిపోడానికి ఏడాదిన్నర ముందే నాకు తెలుసు. పరీచ్చలోలు వచ్చినప్పుడు రగతం ఇచ్చినాను. పెద్దాసుపత్రికెల్లమని కాయితం రాసిచ్చినారు. ఆ కాయితం బండి సీటు కింద పెట్టేసినాను. ఇంట్లో ఏటీ లేదని సెప్పినాను. ఇదెరగదు."

ఇది అంటే నేను. అందరూ నావైపు చూశారు. నాకు ఏమీ వినపడలేదు కాసేపు. నర్సమ్మ ఏదో అంటోంది. పెదాలు కదలడం మాత్రం కనిపించింది. మూడు నెలలు నేను ఆయన దగ్గర తప్పు దాచాననుకున్నాను. ఆయన అంతకంటే ముందునుంచీ నా దగ్గర దాచాడు. రోజూ పొద్దున్న నేను పొడి కలుపుతుంటే, కాగితం సీటు కింద పెట్టుకుని, తల వంచుకుని తిన్నాడు.

ఆ తర్వాత సమావేశం బాగానే జరిగింది. పద్నాలుగు మంది అక్కడే రక్తపరీక్షకి పేర్లిచ్చారు. ఐరన్ మాత్ర వద్దన్న అమ్మాయి నర్సమ్మ చేతుల మీదుగా వేసుకుంది. సూపర్‌వైజర్ మేడమ్ వెళ్తూ నా భుజం తట్టింది. నాకు అవేవీ పట్టలేదు.

మర్నాడు బుధవారం. ఆటోలో పలాస వెళ్తూ అడిగాను.

"ఎందుకు సెప్పలేదు మావా?"

నేను చదువుకున్నదాన్ని, సెంటర్‌లో శుద్ధంగా మాట్లాడతాను. కోపమొచ్చినా ఏడుపొచ్చినా ఈ యాసే వస్తుంది. ఆయన రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

"మన ఈదిలో ఆసుపత్రికెల్లినోలూ పోనారు, ఎల్లనోలూ పోనారు. మిషనెక్కితే మరి దిగేది లేదన్నారు. నీ ఆకు తిని ఆ పిల్ల లెగిసి తిరిగినాది కదా. నాకూ తగ్గుతాదనుకున్నాను. కాయితం సంగతి సెప్తే నువ్వు ఆసుపత్రికి లాక్కెల్తావు, ఆల్లు పొడి మానిపించేత్తారని సెప్పలేదు."

"నాను రెండు సెంచాలు ఏసినప్పుడు?"

"బాగుపడతన్నానేమో అనుకున్నాను. నువ్వు అంత నమ్మకంగా కలిపేదానివి."

నేను ఏడవలేదు. ఆటో ఆపమని దిగిపోవాలనిపించింది. దిగి ఎక్కడికి వెళ్లాలి? రెండు గంటలకి స్లాటు. ఆయన చెయ్యి పట్టుకుని దింపాలి, బరువు చూపించాలి, బయట బెంచీ మీద కూర్చోవాలి. అన్నీ చేశాను. నాలుగు గంటల తర్వాత బయటికి వచ్చినప్పుడు ఆయన మొహం పిండేసిన గుడ్డలా ఉంది. ఆ మొహం మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం. అలాగని పోలేదు కూడా. ఇప్పటికీ కొన్ని పొద్దుల్లో అన్నం వడ్డిస్తుంటే గుర్తొస్తుంది, గరిటె గట్టిగా పెట్టేస్తాను. ఆయన తల ఎత్తడు. అత్త ఇద్దర్నీ చూసి కూర ఇంకాస్త వేయమంటుంది.

నాలుగిళ్ల అవతల ముసలాయనకి వెంటనే పరీక్ష చేయించారు. పొటాషియం కాస్త పెరిగిందిగానీ ప్రమాదం దాకా పోలేదు. ఆకు మానేశాడు, మందులు వాడుతున్నాడు, ఇంకా మిషన్ ఎక్కలేదు. ఆ కోడలు మగపిల్లాడిని కన్నది. బిడ్డని తూకానికి తెస్తుంది, కాని నాతో మాట్లాడదు. ఆయాని అడిగి బరువు రాయించుకుని వెళ్తుంది. ఆమె పెరట్లో మునగచెట్టు మాత్రం ఉంది. ఆకు దూసి తను వండుకుంటుందనీ, మావకి వేరే గిన్నెలో సొరకాయ ఉడికిస్తుందనీ ఆయా చెప్పింది.

ఇప్పుడు నేను పొట్లాలు కట్టను. మునగ గురించి చెప్పడం మానలేదు. మానితే రక్తం లేని పిల్లలకి నష్టం. కాకపోతే ఏ ఇంటికి వెళ్లినా ముందు అడిగేది ఒకటే. ఈ ఇంట్లో రక్తపరీక్ష చేయించుకోనివాళ్లు ఎవరు? ఆడవాళ్లు వెంటనే చెబుతారు. అరుగు మీద కూర్చున్న మగవాళ్లు మాత్రం "మాకేటీ లేదు టీచరమ్మా" అంటారు. ఆ తొందర నాకు తెలుసు. అందుకని మొహం చూడను, పాదాలు చూస్తాను. కిడ్నీ పాడై వాపు వస్తే చెప్పు పట్టీ దగ్గర గాడి పడుతుంది. నేను చూస్తున్నానని తెలిసి కొందరు పాదాలు లుంగీ కిందకి లాక్కుంటారు. నేను వెళ్లిపోను. అరుగు మీద ఒక పక్కగా కూర్చుంటాను. తోట ఎలా ఉందని అడుగుతాను. కొత్త కొబ్బరి గెల వేసిందా అని అడుగుతాను. ఆ మనిషి ఎంతసేపు తప్పించుకుంటే అంతసేపూ అక్కడే ఉంటాను.